చేయని ప్రయోగానికి రీడింగులు

ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో పది మంది విద్యార్థుల సోలార్ ల్యాబ్ రికార్డులను మా విలేకరి తిరగేశారు. పదింటిలోనూ అవే రీడింగులు. పట్టికలో నాలుగో వరుసలో ఒక అంకె కొట్టేసి పక్కన మరొకటి రాసి ఉంది. ఆ కొట్టివేత కూడా పదింటిలోనూ ఉంది! పరికరం మాత్రం అద్దాల బీరువాలో ఉంది, దాని ప్లాస్టిక్ కవరు కూడా ఎవరూ విప్పలేదు. తనిఖీ బృందం వచ్చినప్పుడే బయటికి తీస్తామని అక్కడి సిబ్బంది చెప్పారు. పది రికార్డుల కిందా ఎర్ర సిరాతో సంతకం పడింది, మార్కులూ పడ్డాయి.

ఇది ఒక్క కళాశాల సంగతి కాదని పిల్లల్ని ఇంజినీరింగ్ చదివించిన ప్రతి ఇంటికీ తెలుసు. సీనియర్ల రికార్డు తెచ్చుకుని దించేయడం ఎవరికీ తప్పనిపించనంతగా పాతబడిపోయింది. 2024లో తెచ్చిన సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానంతో రూ.10 లక్షల కోట్ల పెట్టుబడులు, 7.5 లక్షల ఉద్యోగాలు వస్తాయని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది. కర్నూలు సోలార్ పార్కు వెయ్యి మెగావాట్లది. రామగుండంలో ఎన్టీపీసీ జలాశయం మీద 100 మెగావాట్ల ప్యానెళ్లు తేలుతున్నాయి. సూర్యఘర్ పథకం కింద దేశంలో కోటి ఇళ్ల కప్పులపైకి సోలార్ ఎక్కించాలన్నది కేంద్రం లక్ష్యం. ఇంత పని ముందుంటే, ప్యానెల్‌ను ఒక్కసారైనా చేత్తో పట్టుకోని పట్టభద్రులను తయారుచేసి పంపుతామా?

ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోయాయని, ట్రైనర్ కిట్లు (ప్రయోగాల కోసం సిద్ధంగా అమ్మే పరికరాలు) కొనాలంటే లక్షలు కావాలని, కంప్యూటర్‌లో సిమ్యులేషన్ చేయిస్తూనే ఉన్నామని యాజమాన్యాలు అంటున్నాయి. బకాయిల మాట నిజమే, ప్రభుత్వాలు వాటిని చెల్లించి తీరాలి. కానీ ఈ ప్రయోగాలకు లక్షలు దేనికి?

10 వాట్ల చిన్న ప్యానెల్, వోల్టేజీ, కరెంటు కొలిచే రెండు మల్టీమీటర్లు, నిరోధాన్ని పెంచి తగ్గించే ఒక రియోస్టాట్, నాలుగు వైర్లు ఉంటే చాలు. మధ్యాహ్నం డాబా ఎక్కి ప్యానెల్‌ను ఎండకు పెట్టి, రియోస్టాట్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ వోల్టేజీ, కరెంటు రాసుకుంటే గంటలో గ్రాఫు తయారవుతుంది. ఏ చోట పవర్ గరిష్ఠంగా ఉందో విద్యార్థి తన అంకెల్లోనే చూస్తాడు. ప్యానెల్‌లో వరుసగా కలిపిన 36 సెల్స్‌లో ఒక్కదాన్ని అరచేత్తో మూస్తే చాలు, కరెంటు ఒక్కసారిగా పడిపోతుంది. నీటి ట్యాంకు నీడ ఓ మూల పడితే మొత్తం వరుస ఎందుకు దెబ్బతింటుందో, నీడపడ్డ సెల్స్‌ను తప్పించి కరెంటును పక్కదారి పట్టించే బైపాస్ డయోడ్ ఎందుకు పెడతారో అప్పుడు అర్థమవుతుంది. ప్యానెల్ వెనక తడిగుడ్డ వేస్తే వోల్టేజీ పైకి లేస్తుంది. ప్యానెల్ మీద రాసే వాట్లు సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క. అక్కడి నుంచి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ 0.35 నుంచి 0.4 శాతం పవర్ తగ్గుతుంది. మన మే నెల ఎండకు సెల్ 65 డిగ్రీలకు చేరితే దాదాపు 15 శాతం పోయినట్టే. మన ఊళ్లలో ప్లాంటు డిజైన్ చేసే ఇంజినీరుకు ఇంతకన్నా ముఖ్యమైన పాఠం ఉందా? ఆ పాఠానికి కావాల్సింది ఒక తడిగుడ్డ!

గాలిమర సంగతీ ఇంతే. పీవీసీ గొట్టాన్ని కోసి రెక్కలు చేసి, పాత డీసీ మోటారుకు బిగించి, టేబుల్ ఫ్యాన్ ముందు పెడితే రెక్క వాలు మారినప్పుడల్లా మీటరులో తేడా కనిపిస్తుంది.

అయితే చవక పరికరాల విలువ డబ్బు ఆదాలోనే లేదు. లక్షల కిట్ పాడైతే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతోనే బీరువాకు తాళం పడుతోంది. తాళం తీసినా ఒక్కడు నాబ్ తిప్పుతాడు, తొమ్మిది మంది వెనక నిలబడి అంకెలు రాసుకుంటారు. వెయ్యి రూపాయల ప్యానెల్ పాడైతే ఇంకోటి తెచ్చుకోవచ్చు. ప్లస్, మైనస్ తారుమారు చేసి ఒక డయోడ్ కాల్చుకున్న విద్యార్థి ఆ తప్పు మళ్లీ చేయడు. ఆ తప్పు చేసే అవకాశం కళాశాలలోనే దొరకాలి. రాజస్థాన్‌లోని తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ బడి ముఖం చూడని అమ్మమ్మలకు రంగుల గుర్తులతోనే సర్క్యూట్లు సోల్డరింగ్ చేయడం నేర్పింది. వాళ్లు తమ ఊళ్లకు వెళ్లి సోలార్ దీపాలు బిగించి, మరమ్మతులు కూడా చేస్తున్నారు. ఆ అమ్మమ్మల చేతికిచ్చిన సోల్డరింగ్ ఐరన్‌ను మన బీటెక్ విద్యార్థి చేతికి ఇవ్వకపోవడానికి ఏ యాజమాన్యం దగ్గరా సమాధానం లేదు.

మా భయం ఒక్కటే. చేయని ప్రయోగానికి రీడింగులు రాసి మార్కులు తెచ్చుకున్న చెయ్యి రేపు కొలవని ఎర్తింగ్‌కు రీడింగు రాస్తుంది. ఇది మాటవరసకు అంటున్నది కాదు. పెద్ద ప్లాంట్లలో ప్యానెళ్ల వరుస నుంచి వచ్చే డీసీ వోల్టేజీ వందల్లో ఉంటుంది, వెయ్యి కూడా దాటుతుంది. దిశ మార్చుకుంటూ పారే ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి నిప్పురవ్వ ఆరిపోయే వీలుంది. ఒకే దిశలో పారే డీసీకి ఆ సున్నా లేదు. కనెక్టర్ వదులుగా బిగిస్తే పుట్టిన మంట తేలిగ్గా ఆగదు. ఇంటి కప్పు మీది ప్యానెళ్లలోనూ ఇదే జరగొచ్చు, ఆ కప్పు కింద ఒక కుటుంబం ఉంటుంది. అక్కడ కాగితం మీద అన్నీ సరిగ్గానే రాసి ఉంటాయి, ల్యాబ్ రికార్డులో ఉన్నట్టే. అబద్ధపు అంకె కింద సంతకం పెట్టొచ్చని ఆ కుర్రాడికి నేర్పింది ఎవరు? అతని అధ్యాపకుడు. ఆ అధ్యాపకుడి సంతకం చూసి కళ్లు మూసుకున్నది విశ్వవిద్యాలయం.

ప్రాక్టికల్ పరీక్షల్లో వైవా పేరుతో నాలుగు నిర్వచనాలు అడిగి పంపేయడం ఆపాలి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ప్రతి విద్యార్థికీ ఒక చిన్న ప్యానెల్, మీటర్లు ఇచ్చి, ఆ రోజు ఎండలో ఆ రోజు అంకెలే తీయించాలి. మబ్బు పడితే మబ్బు అంకెలే రాయాలి. పది మంది రికార్డుల్లో ఒకే రీడింగులు కనబడితే విద్యార్థుల మార్కులు కోయడం కాదు, వాటి కింద సంతకం పెట్టిన వారిని పిలిచి అడగాలి. జేఎన్‌టీయూలు, ఉన్నత విద్యామండళ్లు ఇందుకు కొత్త జీవోల కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. తనిఖీకి వెళ్లే ప్రొఫెసర్లు ఇకనైనా అద్దాల్లోంచి చూసి టిక్కులు పెట్టకుండా, బీరువా తాళం అడిగి తీసుకోండి.