బంగాళాఖాతంలో ఉన్న నా ఎడమ చెప్పుకు

ఎడమ చెప్పు గారికి,
కేరాఫ్ ఆర్కే బీచ్ కెరటాలు, విశాఖపట్నం.

గారు అన్నానని మురిసిపోకు. మా నాన్న పోర్టులో గుమస్తా. ఎవరికైనా సంజాయిషీ నోటీసు వెళ్తున్నప్పుడే పేరు చివర గారు పడుతుందని ఆయన చెప్పేవారు. ఇదీ అలాంటిదే. 1989 వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం నువ్వు డ్యూటీలోంచి మాయమయ్యావు. పేరే చెప్పు అయ్యుండి ఒక్క ముక్క చెప్పకుండా వెళ్లిపోయావు. ఇంతవరకూ తిరిగి హాజరు కాలేదు. నీ జత కుడి చెప్పు మాత్రం అల్లిపురంలో మా అమ్మ ఇంటి అటక మీద, అట్లపెనానికీ విరిగిన ఫ్యాను రెక్కలకీ మధ్య ఇప్పటికీ కాపలా కాస్తోంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊళ్లో చెట్టన్నది మిగల్చకుండా పడగొట్టిందా, మా మేడ మీద నీళ్ల ట్యాంకు మూత కూడా ఎటో ఎగిరిపోయిందా, అది మాత్రం కదల్లేదు. భరతుడు పాదుకల్ని పద్నాలుగేళ్లు సింహాసనం మీద పెట్టుకున్నాడని గొప్పగా చెప్తారు. మా అమ్మ 35 ఏళ్లు దాటినా దించలేదు. పైగా భరతుడి దగ్గర రెండూ ఉన్నాయి.

నీ నియామకం నాకు బాగా గుర్తుంది. పూర్ణా మార్కెట్ దగ్గర కొట్లో నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, నా కాలి కింద నిన్ను పెట్టి, నాన్న వంగి చూశారు. నా కాలు నాలుగో నెంబరు. నువ్వు ఆరు. మడమ వెనక నీ తోక రెండు వేళ్లు బయటికి ఉంది. కొట్టు ఆయన మొహమాటంగా "కొంచెం చిన్న సైజు తియ్యనా?" అన్నాడు. "ఎందుకూ? పెరిగే కాలు కదా" అన్నారు నాన్న.

ఆ పెరిగే కాలు అనే మాట మీద నా బాల్యమంతా నడిచింది. లాగూ పెరిగే నడుముకి, చొక్కా పెరిగే చేతులకి, నువ్వు పెరిగే కాలికి. ఎప్పుడో రాబోయే ఒక పెద్ద కుర్రాడి సామాన్లన్నీ వాడు వచ్చేదాకా నేను మోస్తున్నట్టుండేది. నా కాలు ఆరో నెంబరుకి చేరేసరికి నువ్వు మడమ దగ్గర అరిగి, కింద రోడ్డు మీద ఏముందో కాలికి తెలిసేంత పల్చబడేదానివి. సరిగ్గా సరిపోయిన వారం ఒకటి మధ్యలో ఉండే ఉంటుంది. నేను గమనించలేదు.

రెండు నెంబర్లు పెద్ద చెప్పుతో ఈ ఊళ్లో నడవడం ఎంత కష్టమో నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. విశాఖలో దారి అంటే ఎక్కడమో దిగడమో. ఎక్కుతుంటే నువ్వు వెనక్కి జారేదానివి. పాండురంగాపురం డౌన్ దిగుతుంటే నా కంటే ముందు బీచికి చేరాలని చూసేదానివి. బొటనవేలితో నిన్ను గట్టిగా పట్టుకుని నడిచి నడిచి ఆ వేలికి రెజ్లరు బలం వచ్చింది. వానాకాలంలో నీ తోక లేపిన బురద నా చొక్కా వెనక కాలరు దాకా చుక్కలు పెట్టేది. ఎండాకాలంలో కరిగిన తారు నీ కిందకి అంటుకుని, దానికి కంకర అంటుకుని, ఇంటికొచ్చేసరికి నేను అంగుళం పొడుగయ్యేవాణ్ణి. పెరిగే కాలు సంగతేమో గానీ అదొక్కటే ఖాయంగా జరిగిన పెరుగుదల.

నీ వంశం గురించి తర్వాత తెలిసింది. పేరు హవాయి ద్వీపాలది. పోలిక జపాన్ వాళ్ల జోరి అనే గడ్డి చెప్పులది. బ్రెజిల్లో 1962లో మొదలైన నీ దూరపు చుట్టాలకి ఆ గడ్డి గుర్తుగా పాదం కింద బియ్యపు గింజల్లాంటి నగిషీ ఉంటుందట. ఇప్పుడా చుట్టాలు మాల్‌లో గాజు అరలో, విడిగా లైటు వేయించుకుని కూర్చుంటున్నారు. ధర చూసి, తిప్పి ఇంకోసారి చూశాను. అదే నీలం పట్టీ, అదే తెల్ల అట్ట. ఆ డబ్బుతో మా నాన్న మా వీధి మొత్తానికి ఒక కాలిక్కూడా మిగిలేటట్టు చెప్పులు కొనేవారు. పేరు కూడా మారింది. ఫ్లిప్ ఫ్లాప్‌ట. మా వీధిలో నువ్వు చేసిన చప్పుడు ఫటక్ ఫటక్. విదేశాలకి వెళ్తే గొంతు కూడా మారుతుంది కాబోలు.

నీ పై అధికార్ల గురించి ఇక్కడే చెప్పేస్తాను. నల్ల బూట్లు బాటావి. ఆ కంపెనీ 1894లో, ఇప్పటి చెక్ దేశంలోని జ్లీన్ అనే ఊళ్లో పుట్టిందంటే మా వీధిలో ఎవరూ నమ్మరు. మన దగ్గరికి 1931లో వచ్చి కలకత్తా దగ్గర బాటానగర్ అని ఏకంగా ఊరే కట్టుకుంది. ధర చివర 95 పైసలు తగిలించే వాళ్ల లెక్క మా నాన్నకి భలే నచ్చేది. వంద రూపాయల బూట్లు కొన్న మనిషిని కాదని ఆయన అయిదు పైసల తేడాతో జీవితాంతం వాదించగలరు. ఆదివారం సాయంత్రం పాత బనీను ముక్క, పాలిష్ డబ్బా, బ్రష్షు ముందేసుకుని ఆ బూట్లని ఒళ్లో పెట్టుకునేవారు. నిన్ను ఎవరైనా ఒళ్లో పెట్టుకున్నారా? లేదు. చిన్నతనంలో నాకు కూడా అంత సేవ జరగలేదు.

శనివారం తెల్ల కేన్వాస్ బూట్లు. శుక్రవారం రాత్రి ఉతికితే సముద్రపు గాలికి పొద్దునకి కూడా ఆరేవి కావు. తడి బూట్ల మీద, బడిలో ఎత్తుకొచ్చిన సుద్దముక్క పూసేవాణ్ణి. నేనే కాదు, అందరూ అంతే. ప్రార్థనలో 'సావధాన్' అనగానే మూడొందల కాళ్ల కింద తెల్లటి పొగ లేచేది. మా డ్రిల్లు మాస్టారు దగ్గుతూ 'విశ్రామ్' అనేవారు. మళ్లీ పొగ.

కానీ ఆ రెండూ బడి దాటి రాలేదు. మిగతా బతుకంతా నీతోనే. క్రికెట్టులో వికెట్టు నువ్వే, బౌండరీ నువ్వే. బీచిలో మురీ మిక్చర్ తినేటప్పుడు పీట నువ్వే. ముసలితనంలో నిన్ను గుండ్రంగా కోస్తే బండి చక్రాలు కూడా నువ్వే. బొద్దింకకి యముడివి నువ్వే. అమ్మ చేతిలో నీ గురి గురించి రాయను. వంటింట్లోంచి విసిరితే వీధి మలుపు తిరిగి కూడా తగిలేదానివి.

నీకు జబ్బు చేస్తే డాక్టరు కూడా అమ్మే. పట్టీ ముందు బుడిపె చిల్లులోంచి ఊడి రావడం నీకు మామూలే, అదీ సరిగ్గా బస్సు వెనక పరిగెడుతున్నప్పుడే. అమ్మ పుస్తెలతాడుకి ఎప్పుడూ నాలుగు పిన్నీసులు వేలాడేవి. అందులో ఒకటి నీది. బుడిపె కిందనించి దాన్ని గుచ్చి, నిన్ను మళ్లీ నా కాలి కిందకి తోసి "ఎల్లు, ఏటీ అవ్వదు" అనేది. పిన్నీసుకీ పని అవ్వకపోతే కొత్త పట్టీ. చిల్లులోకి దూర్చడానికి సబ్బు రాసి, పళ్లతో లాగేవాళ్లం. తెల్ల అట్ట మీద ఒకసారి ఎర్ర పట్టీ దొరికితే అది కూడా వేశారు. చెప్పు తినే కుక్కకి చెరకు తీపి ఏం తెలుస్తుందంటారు గానీ, నీ రుచి నాకు తెలుసు. రబ్బరు, లైఫ్‌బాయ్, కాస్త ఇసుక.

మా మామ్మ నీ విషయంలో మహా జాగ్రత్తపరురాలు. మార్గశిర లక్ష్మివారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మమ్మ గుడికి వెళ్తే, ఆ జనంలో ఎడమ జోడు ఒక అరుగు కింద, కుడి జోడు ఎదుటి అరుగు కింద పెట్టించేది. "ఒంటి జోడు ఎవడూ ఎత్తుకుపోడు" అని ఆవిడ సిద్ధాంతం. దర్శనం పది నిమిషాలు, మిమ్మల్నిద్దర్నీ కలపడం అరగంట. మీ ఇద్దరికీ విడిగా ఉండటం అలవాటు చేసిన పాపం కొంత ఆవిడదే. (సింహాచలం గిరి ప్రదక్షిణకి మాత్రం ఆవిడకి ఈ టెన్షనే లేదు. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు 32 కిలోమీటర్లు ఒట్టి కాళ్లతో నడిచొచ్చేది. మర్నాడు పెరట్లోకి వెళ్లడానికి జోళ్లు అడిగేది.)

సరే. నోటీసు అన్నాక నేరం దగ్గరికి రావాలి.

ఆ వేసవిలో పక్కింటి కుర్రాడికి వాళ్ల మావయ్య వెల్‌క్రో సాండల్స్ కొన్నాడు. వాడు అరుగు మీద కూర్చుని చర్రుమని తీసేవాడు, అదిమి పెట్టేవాడు, మళ్లీ చర్రుమని తీసేవాడు. నాకు రాత్రి నిద్రలో కూడా ఆ చర్రు వినిపించేది. నిన్నేమో ఎంత లాగినా చప్పుడు లేదు. నువ్వు ఉన్నంతకాలం ఇంకో జత రాదని నాకు తెలుసు. నువ్వు ఉండటం ఆపేటట్టు కూడా కనపడలేదు.

బీచిలో నిన్ను కెరటం లాక్కుపోయిందని ఇంట్లో చెప్పాను కదా. విసిరింది నేనే. రెండూ పోతే అనుమానం వస్తుందని ఒక్కటే విసిరాను. పదేళ్ల వాడికి అంతకంటే తెలివి ఎక్కడిది? మొదటిసారి విసిరితే కెరటం నిన్ను తెచ్చి నా కాళ్ల దగ్గరే పెట్టింది. మోకాళ్ల లోతుకి వెళ్లి మళ్లీ విసిరాను. మళ్లీ వచ్చావు, ఈసారి బోర్లా. మూడోసారి నిన్ను చూడకుండా విసిరాను.

ఇంటికి ఒంటి చెప్పుతో నడిచాను. రోడ్డు పెనంలా ఉంది. కుడి చెప్పుని కాసేపు కుడి కాలికి, కాసేపు ఎడమ కాలికి మార్చుకుంటూ ఆ డౌనే వెనక్కి ఎక్కాను. అమ్మ "ఏటయిందిరా?" అంది. కెరటం అన్నాను. నాన్న ఏమీ అనలేదు. నేను నిద్రలో చర్రు చర్రు వింటూ పడుకున్నాను.

తెల్లారి లేచేసరికి నాన్న ఇంట్లో లేరు. ఏడింటికి వచ్చారు. పంట్లాం మోకాళ్ల దాకా మడిచి ఉంది, కాళ్ల నిండా ఇసుక. చేతిలో ఒక చెప్పు. డ్యూటీకి వెళ్లేముందు బీచి పొడుగునా నీ కోసం నడిచారట. నువ్వు దొరకలేదు. ఎవరిదో ఎర్ర పట్టీది దొరికింది, ఎనిమిదో నెంబరు. నా ముందు పెట్టి "ఎడమదే" అన్నారు. ఆయన మొహంలో, చెప్పొద్దూ, గెలిచిన కళ.

జీతం వచ్చేదాకా కుడికి ఆరు, ఎడమకి ఎనిమిది. ఎనిమిది కూడా పెరిగే కాలి ఖాతాలోనే పడింది. జీతం వచ్చాక కొన్నవి నీలం పట్టీవే, ఏడో నెంబరు.

నిజం నాన్నకి చెప్దామని చాలాసార్లు అనుకున్నాను. ఇప్పుడు ఆయన లేరు.

చాలా ఏళ్లకి ఒక సంగతి చదివాను. నువ్వు వెళ్లిన మరుసటి ఏడాదే, 1990 మేలో, పసిఫిక్ సముద్రంలో తుఫానుకి హన్సా క్యారియర్ అనే ఓడ మీంచి కొన్ని కంటెయినర్లు పడిపోయాయి. దాదాపు 61,000 నైకీ బూట్లు నీళ్లపాలు. నెలల తర్వాత అవి అమెరికా పడమటి ఒడ్డుకి కొట్టుకురావడం మొదలుపెట్టాయి. వాటికి జతలు కట్టి లేవు. ఒకరికి ఎడమది, ఒకరికి కుడిది దొరికితే, జనం ఒకచోట చేరి మార్చుకుని, కడుక్కుని తొడుక్కున్నారట. ఆ బూట్ల దారిని బట్టి సముద్రపు ప్రవాహాల్ని లెక్కగట్టారు శాస్త్రవేత్తలు. ఎడమది, కుడిది ఆకారంలో తేడా వల్ల గాలికి వేర్వేరు వైపులకి పోతాయని కూడా గమనించారు. అంటే ఆ రోజు రెండూ విసిరినా మీరిద్దరూ కలిసి ఉండేవారు కాదు. ఇది చదివాక నాకు కాస్త ఊరట కలిగిందంటే నువ్వు నవ్వుతావు.

మొన్న మడమ నొప్పి అని డాక్టరు దగ్గరికి వెళ్లాను. నా బూట్లని కాలితో పక్కకి నెట్టి, "ఇవి మానేసి ఎం.సీ.ఆర్. అని మెత్తటి రబ్బరు చెప్పులుంటాయి, అవి వేసుకోండి, ఇంట్లో కూడా" అన్నారు. కొట్టుకి వెళ్లాను. అబ్బాయి తెచ్చి నా కాలి కింద పెట్టాడు. దళసరి రబ్బరు, పైన పట్టీ. ముందుకి వంగి బొటనవేలి దగ్గర నొక్కి చూసి, "ఒక నెంబరు పెద్దది ఇస్తాను సార్, సాయంత్రానికి కాలు వాస్తుంది" అన్నాడు. చివరికి కాలు పెరిగింది. పెద్దదే తీసుకున్నాను. మడమ వెనక తోక బయటికి ఉంది. పట్టీకి వెల్‌క్రో ఉంది.

అవి వేసుకునే నిన్న పొద్దున్న పెద జాలారిపేట వైపు నడిచాను. ఒకాయన ఇసుకలో వల బాగుచేస్తున్నాడు. వల అంచు పొడుగునా, అది తేలడానికి పాత చెప్పుల్ని కోసి కట్టిన బెండ్లు. అందులో ఒకటి తెల్లది, పక్కన చిల్లు. దగ్గరికెళ్లి వంగి చూశాను.

"ఏటి బాబూ, ఎతుకుతున్నావ్?"

ఎడమదా కుడిదా అని అడగబోయి ఊరుకున్నాను. ముక్క అయ్యాక ఎలా తెలుస్తుంది?

ఇట్లు,
నాలుగో నెంబరు కాలు

తా.క.: కెరటమే నిన్ను లాక్కుపోయిందని అమ్మ ఇప్పటికీ నమ్ముతోంది. ఎప్పుడైనా ఒడ్డుకి వస్తే, ఆవిడకి కూడా అదే చెప్పు.