పనిపిల్ల ఎవరి బిడ్డ?

పూర్వపక్షి: తొలినాటి అమెరికాలో పరాయి ఇంట పనిచేసిన యువతులందరినీ దాసీలుగా జమకట్టడం అన్యాయం. అమెరికా ఈశాన్యాన న్యూ ఇంగ్లండ్‌లో రైతు కూతుర్ని పొరుగింటికి పంపింది వడకడం, నేయడం నేర్చుకుని, నాలుగు డబ్బులు వెనకేసుకుంటుందనే. ఆ ప్రాంతంలోనే హాలోవెల్ అనే ఊరి మంత్రసాని మార్తా బాలర్డ్ 1785 నుంచి 1812 వరకు రాసుకున్న దినచర్య చూడండి. కూతుళ్లూ పనికి వచ్చిన పిల్లలూ ఇల్లు నడపబట్టే ఆమె 800కు పైగా కాన్పులు చేయగలిగింది.

సిద్ధాంతి: కాన్పుల కీర్తి ఆమెకు దక్కింది, ఆ పిల్లల్లో చాలామందికి దినచర్యలో ఒక పేరు మాత్రం మిగిలింది. అయినా హాలోవెల్‌ను మీకే వదిలేస్తాను, ఎందుకంటే అక్కడ పిల్ల తండ్రి పక్క పొలంలోనే ఉన్నాడు. సముద్రం దాటించిన ఓడ ఖర్చు తీర్చడానికి వర్జీనియాలో యజమాని దగ్గర ఏళ్ల తరబడి పనికి ఒప్పందంతో కట్టుబడ్డ పిల్లకు ఆ అండ లేదు. యజమాని వల్ల గర్భవతి అయిన సేవకురాలిని గడువు తీరాక చర్చి పెద్దలు మరో 2 ఏళ్లకు అమ్మాలనీ, డబ్బుకు బదులు వచ్చిన పొగాకు పారిష్‌కు, అంటే ఆ చర్చి పరిధికి, చెందాలనీ 1662లో అక్కడ చట్టం చేశారు. ఆమెను అతడి దగ్గరే ఉంచితే తప్పుకు లాభం ముట్టినట్టవుతుందట. విడిచిపెడితే ఆడవాళ్లు బిడ్డలను యజమానులకు అంటగడతారట! శిక్ష మాత్రం ఆమెకే పడింది.

పూర్వపక్షి: చట్టం క్రూరమే, కాదనను. కానీ ఒప్పందానికి గడువుంది. ఆడవాళ్లు తక్కువగా ఉన్న ఆ సీమలో గడువు దాటినవారికి పెళ్లీ సంసారమూ త్వరగానే కుదిరేవి.

సిద్ధాంతి: గడువు దాకా బతికితే కదా. 1756లో మేరీలాండ్ నుంచి ఎలిజబెత్ స్ప్రిగ్స్ లండన్‌లోని తండ్రికి రాసిన ఉత్తరంలో, రాత్రింబవళ్లు చాకిరీ చేస్తున్నాననీ, కట్టేసి కొడుతున్నారనీ, చెప్పులు లేవనీ, మొక్కజొన్న, ఉప్పు తప్ప తిండి లేదనీ మొరపెట్టుకుంది. ఇక అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ ఇంట పనిచేసిన ఓనా జడ్జ్ అనే యువతికి గడువన్నదే లేదు.

పూర్వపక్షి: ఆమె బానిస. ఆ లెక్క వేరు.

సిద్ధాంతి: చట్టంలో వేరు, ఇంట్లో కాదు. ఫిలడెల్ఫియాలో వాషింగ్టన్ ఇంట జీతగాళ్లూ బానిసలూ కలిసే పనిచేశారు. 6 నెలలు వరుసగా ఉంటే పెన్సిల్వేనియా చట్టం విముక్తినిస్తుందని, ఆ లోపే బానిసలను రాష్ట్రం దాటించి మళ్లీ తెచ్చేవారు. 1796 మే 21న దొరలు భోజనానికి కూర్చున్న వేళ ఓనా వెళ్లిపోయింది. మీ హాలోవెల్ పిల్ల పని మానేసి ఇంటికి పోతే యజమానురాలు మరొకరిని వెతుక్కునేది. ఓనాను పట్టిస్తే 10 డాలర్లిస్తామని పత్రికలో ప్రకటన వేశారు.