బిగించినంత మాత్రాన చెక్కలు అతకవు

"చెక్క పలకలు అతికించేవారికి అయిదు సూత్రాలు" అనే సందేశాన్ని నెల్లూరు, కావలి, ఒంగోలు మిత్రులు పోటీపడి పంపుతున్నారు. పంపిన ప్రతివారూ "చాలా ఉపయోగకరం, తప్పక చదవండి" అని ఒక ముక్క జోడిస్తున్నారు. వీరిలో చాలామంది ఇంటి వెనుక చిన్న పనిబల్ల వేసుకుని, వేపచెక్కతోనో, పాత ఇంటిని విప్పినప్పుడు దొరికిన టేకుతోనో సెలవురోజుల్లో బల్లలూ అరలూ చేసుకునేవారే. మంచి చెక్క ఈ సూత్రాల పాలబడి పాడవుతుంటే ఊరుకోలేక ఈ జవాబు రాస్తున్నాను.

సందేశం చెప్పేది ఇదీ. చెక్కల మధ్య సందు కనిపిస్తే అది మూసుకునేదాకా క్లాంపు (పలకలను నొక్కిపట్టే మర బిగింపు) బిగించాలి. ఎంత గట్టిగా బిగిస్తే అతుకుకు అంత బలం. ఫెవికాల్ పది నిమిషాల్లో పట్టేస్తుంది కనుక వెంటనే క్లాంపు తీసేయవచ్చు. ఎంత పెద్ద పలకకైనా రెండు జీ-క్లాంపులు (ఇంగ్లీషు G ఆకారపువి) చాలు. ఇనుప క్లాంపు మరక చేస్తుంది కనుక అల్యూమినియంవే కొనాలి.

మరక సంగతి ఒక్క వాక్యంలో తేలిపోతుంది. టేకు వంటి చెక్కలోని వగరు పదార్థం తడి జిగురు ద్వారా ఇనుమును తాకినప్పుడు నల్లమచ్చ పడుతుంది. క్లాంపు కడ్డీకీ చెక్కకూ మధ్య ఒక పాలిథిన్ ముక్క పెడితే పడదు.

అసలు హాని చేసేది మొదటి సూత్రం. రెండు పలకలను అంచు మీద అంచు ఆనేలా నిలబెట్టి, వెనుక కిటికీ వెలుతురు ఉండేలా చూడండి. వెలుగు గీత ఎక్కడ కనిపిస్తే అక్కడ పని మిగిలి ఉన్నట్టు, ఆ పని చెక్కను చదునుగా గీసే చిత్రికది. సందు నడుమ ఉన్నదా, చివర్లలో ఉన్నదా అన్న తేడా కూడా ఈ సందేశం ఎరుగదు. నడుమ కాగితం మందాన ఖాళీ ఉంటే దోషం కాదు. చివర్లు గట్టిగా ఆనాలని చెయ్యి తిరిగిన వడ్రంగులు కావాలనే అంతమాత్రం లోతు ఉంచుతారు. చివర్లలో సందు ఉంటే మాత్రం దాన్ని క్లాంపు మర తిప్పి మూయడం ఆత్మవంచన. క్లాంపు బిగించినంతసేపూ అతుకు చక్కగానే కనిపిస్తుంది. తీసిన క్షణం నుంచీ ఆ రెండు పలకలూ తమ పాత ఆకారానికి పోవాలని లోలోపల లాగుతూనే ఉంటాయి, ఫెవికాల్ వంటి తెల్ల జిగురు ఎంత ఆరినా అటువంటి ఎడతెగని లాగుడుకు కొద్దికొద్దిగా సాగుతుంది. పైగా పలక చివరి కోతలోంచి తేమ పక్కల కంటే ఎన్నో రెట్లు వేగంగా పోతుంది కనుక, మే నెల వడగాడ్పులకు మొదట కుంచించుకునేవి చివర్లే, మొదట విడిపోయేవీ అవే. అప్పుడు లప్పం పెట్టి మూస్తారు. కార్తీకం వానలకు చెక్క ఉబ్బి ఆ లప్పాన్ని బయటికి నెట్టేస్తుంది. ఈ సూత్రం రాసిన మహానుభావుడు తాను అతికించిన పలకను ఒక్క ఎండాకాలం దాటేదాకానైనా ఇంట్లో ఉంచి చూశాడా? చూసి ఉంటే ఈ మాట రాసేవాడు కాడు.

రెండో సూత్రాన్ని మాత్రం నేను పూర్తిగా కాదనలేను. "గట్టిగా బిగిస్తే జిగురంతా కారిపోయి అతుకు బలహీనమవుతుంది" అని కొత్తవారిని భయపెట్టడం మనలో అలవాటు. లెక్క చూస్తే ఆ భయానికి పెద్దగా ఆధారం లేదు. టేకు వంటి గట్టి చెక్కకు జిగురు తయారీదారులు సూచించే ఒత్తిడి చదరపు అంగుళానికి 175 నుంచి 250 పౌన్లు. 4 అడుగుల పొడవు, 1 అంగుళం మందం ఉన్న అంచు 48 చదరపు అంగుళాలు. తక్కువ లెక్కన చూసినా 8,400 పౌన్లు, అంటే సుమారు 3,800 కిలోల బలం కావాలి. ఇళ్లలో వాడే తేలిక రకం ఎఫ్-క్లాంపులు (కడ్డీ మీద దవడ జరిగేవి) నాలుగైదు కలిసినా అంత ఇవ్వలేవు. కనుక అంచులు సరిగ్గా ఆనిన తరువాత ధైర్యంగానే బిగించండి. అతుకు పొడవునా ఆవగింజలంత జిగురు బొట్లు ఒకే తీరున పైకి వస్తే చాలు. ఒకచోట ధారగా కారి, పక్కనే పొడిగా ఉంటే, లోపం బిగింపులో కాదు, అంచులోనో క్లాంపుల ఎడంలోనో ఉన్నట్టు.

పది నిమిషాల మాట వట్టిది. జిగురులోని నీరు చెక్కలోకి ఇంకితేనే అతుకు పడుతుంది. కనీసం గంటసేపు క్లాంపులు కదపకూడదు, వానకాలంలో ఇంకా ఎక్కువసేపు ఉంచాలి, 24 గంటలు గడిచేదాకా అతుకు మీద బరువు పడనీయకూడదు. ఆ నీటికి అతుకు దగ్గర చెక్క కొంచెం ఉబ్బుతుంది. అదేరోజు చిత్రిక పట్టి నునుపు చేస్తే, ఉబ్బు తగ్గాక అక్కడ సన్నని గాడి మిగిలి, వార్నీషు వేసిన తరువాత అది ఇంకా కొట్టవచ్చినట్టు కనపడుతుంది.

ఇక ఎన్ని క్లాంపులు, ఏ రకం? క్లాంపు ఒత్తిడి అది తాకిన చోటి నుంచి రెండు వైపులా సుమారు 45 డిగ్రీల కోణంలో విచ్చుకుంటుంది. బయటి పలక 4 అంగుళాల వెడల్పు ఉంటే అతుకు దగ్గర ఒక్కో క్లాంపు 8 అంగుళాల మేర ఒత్తుతుంది. కనుక 4 అడుగుల పలకకు ఆరు కావాలి. చివర రెండు పెట్టి ఊరుకుంటే నడుమ అతుకును ఎవరు పట్టుకుంటారు? అంచుకూ క్లాంపుకూ మధ్య మందపాటి తిన్నని పట్టీ పెడితే ఒత్తిడి ఇంకా విచ్చుకుంటుంది కనుక నాలుగింటితో సరిపెట్టవచ్చు, అంచుకు నొక్కులూ పడవు. జీ-క్లాంపు నోరు చిన్నది. పలక మీద పలక అతికించడానికి పనికొస్తుంది గాని వెడల్పు బల్లకు అందదు. ముప్పావు అంగుళం జీఐ (జింకు పూత ఇనుప) పైపుకు తగిలించే పైపు క్లాంపులు ఇంటి పనికి చవకలో కుదిరేవి, పైపు మార్చుకుంటే ఎంత వెడల్పుకైనా సరిపోతాయి. వాటిని ఒకటి పలక కిందా, మరొకటి పైనా వరుస మార్చి పెట్టాలి, అన్నీ కిందే పెడితే పలక విల్లులా వంగుతుంది. జిగురు రాయకముందే ఒకసారి అన్నింటినీ ఉత్తగా బిగించి చూసుకోవాలి, ఎందుకంటే రాసిన తరువాత చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే.

అన్నీ కొనే స్తోమత లేనివారు గట్టి పలక మీద రెండు అడ్డకర్రలు బిగించి, వాటి మధ్య అతికించవలసిన చెక్కలు ఉంచి, ఒక అడ్డకర్రకూ చెక్కకూ నడుమ ఏటవాలుగా కోసిన జంట ముక్కలను ఎదురెదురుగా కొడితే చాలు. పైకి లేవకుండా మీద బరువు పెడితే ఆ బిగింపు క్లాంపుకు ఏమాత్రం తీసిపోదు.