ఉన్ని లేదు సరే, పని తగ్గిందా?

ఉన్ని ధర కత్తిరింపు కూలికి కూడా చాలక బ్రిటన్ రైతులు కొందరు ఉన్ని దానంతటదే రాలిపోయే విల్ట్‌షైర్ హార్న్, ఈజీకేర్ గొర్రెలకు మళ్లుతున్నారని, అలాంటి జాతికి పెద్దగా చాకిరీ ఉండదని ఒకచోట చదివాను. మా పలమనేరు వైపు ఆ టెన్షన్ లేదండీ. మన నెల్లూరు గొర్రెకు ఉండేదే పొట్టి వెంట్రుక. మా దొడ్డిలో ఎక్కువ జోడిపి రకం: తెల్లటి ఒళ్లు, కళ్లకు కాటుక పెట్టినట్టు నల్ల మచ్చలు. ఇంట్లో ఉన్ని కత్తెరే లేదు.

కానీ చాకిరీ ఉండదన్న ఆ మాట మాత్రం ఒప్పుకోను. గొర్రెల్ని ఉన్నట్టుండి చంపేసే చిటుకు రోగానికి వానలకు ముందే టీకా వేయించాలి. దొడ్డి తడిగా ఉంటే గిట్టలు చెడి కుంటుతాయి. పోయినేడు టీకా ఆలస్యం చేశాను. సాయంత్రం గంతులేసిన రెండు పిల్లలు తెల్లారేసరికి కాళ్లు చాపేసి ఉన్నాయి. తమ్ముడేమో ఇప్పుడు ఉన్ని రాల్చే విదేశీ జాతి డోర్పర్ పొట్టేలు కొందామంటున్నాడు!