రోబో ఎద్దా? గరిటా?

(జెరూసలేం. శుక్రవారం రాత్రి పదిన్నర. యూదుల వారపు విశ్రాంతి దినం షబ్బత్ మొదలైంది, ఇక లైటు తమ చేత్తో ఆర్పకూడదు. పడకగదిలో లైటు పెళ్ళిపందిట్లోలా వెలుగుతోంది. కొత్తగా కొన్న రోబో బాత్రూం తలుపుకి సగం అడ్డంగా బొమ్మలా నిలబడి ఉంది.)

ఆయన: పదింటికి లైటు ఆర్పమని దీనికి పొద్దున్నే చెప్పి పెట్టాను. నిద్రపోయిందా ఏంటి?

ఆవిడ: పోయింది. షబ్బత్ సైరన్ మోగకముందే మీట నొక్కి నేనే పడుకోబెట్టాను.

ఆయన: జోల కూడా పాడావా?

ఆవిడ: ఈ రోజు నువ్వే కాదు, నీ పనివాళ్ళూ, నీ ఎద్దూ, నీ గాడిదా పని చెయ్యకూడదని పది ఆజ్ఞల్లోనే ఉంది. గాడిదకున్న సెలవు దీనికి ఉండొద్దా?

ఆయన: ఇదేమన్నా గడ్డి తింటోందా? గరిటెలాంటి వస్తువు! వస్తువులకీ విశ్రాంతి ఇవ్వాలని పాతకాలపు మన పండితుల్లో షమ్మాయి శిష్యులు అన్నారు, అక్కర్లేదని హిల్లెల్ శిష్యులు అన్నారు. మనం నడుస్తున్నది హిల్లెల్ మాట మీదేగా!

ఆవిడ: వాళ్ళ గరిటె పొద్దున్నే లేచి ‘నిద్ర పట్టిందా’ అని అడిగేదా? ప్రాగ్‌లో మన మతగురువు మహరల్ గారు మట్టితో చేసిన గోలెం అనే మరమనిషిలాంటి బొమ్మని కూడా శుక్రవారం సాయంత్రం ఆపేసేవారట.

ఆయన: ఆయన గదిలో ఈ లైటు లేదుగా! మరి వంటింట్లో హాట్‌ప్లేటు రాత్రంతా కాలుతోందే, దానికి సెలవెందుకు ఇవ్వలేదు?

ఆవిడ: దాని మీద రాత్రంతా ఉడికే హమీన్ కూరని రేపు మూడుసార్లు మారు వడ్డించుకునేది నువ్వే. దాని జోలికి రాకు.

ఆయన: సరే, నన్ను బాత్రూంకైనా పోనీ. దీన్ని కాస్త జరుపుతా.

ఆవిడ: చెయ్యి పెట్టకు! ముక్త్సే, అంటే ఇవాళ చేత్తో కదపకూడని వస్తువు.

ఆయన: చేత్తో కూడదు గానీ, నడుంతో నెట్టొచ్చని పెద్దలే అన్నారు.

ఆవిడ: ఒళ్ళు తగిలితే మేలుకుంటుందిట, దాంతో వచ్చిన పుస్తకంలో రాశారు. బొజ్జ లోపలికి లాక్కుని పక్కగా వెళ్ళు.

(ఊపిరి బిగబట్టి, గోడకి బల్లిలా అతుక్కుని వెళ్ళొచ్చాడు. చొక్కా గుండీ ఒకటి లోపలే రాలిపోయింది.)

ఆయన: పోనీ, పై అంతస్తులో తాతగారిని చూసుకునే నిజామాబాద్ అమ్మాయి ఉందిగా. ఆమెకి షబ్బత్ లేదు.

ఆవిడ: ‘లైటు తియ్యి’ అని నోటితో చెప్పకూడదు.

ఆయన: తెలుసులే. ‘ఈ వెలుగులో నిద్ర పట్టట్లేదమ్మా’ అంటే తనే అర్థం చేసుకుంటుంది.

ఆవిడ: పోయిన నెలా అదే అన్నావు. పాపం, కళ్ళకి కట్టుకోమని తన చున్నీ ఇచ్చి వెళ్ళింది. ముడి వెయ్యడం షబ్బత్‌నాడు కూడదన్న 39 పనుల్లో ఉందని, తెల్లవార్లూ దాన్ని చేత్తో పట్టుకుని పడుకున్నావు.