గన్ను గురిపెడితే సాంబారు నిజం చెప్పదు

మొన్న ఒడిశాలోని మా రాయగడలో ఒక పెళ్లికి వంట మాది. 600 మంది భోజనాలు. పదకొండున్నరకి ఫంక్షన్ హాలు వెనకాల రేకుల షెడ్డులో సాంబారు గుండిగ దించుతుంటే, ఏర్పాట్లు చూసుకునే కుర్రాడొకడు చేతిలో టెంపరేచర్ గన్ను పట్టుకుని వచ్చాడు. మూత తీయమన్నాడు. నాలుగడుగుల దూరంలో నిలబడి గురిపెట్టి మీట నొక్కాడు. సాంబారు మీద ఎర్ర చుక్క పడింది, 71 అని వచ్చింది, ఫోన్‌తో ఫోటో తీసుకుని పక్క గిన్నెకి వెళ్లిపోయాడు. పప్పు, కూర్మా, పులిహోర, చికెన్... పది నిమిషాల్లో పదకొండు ఫోటోలు. పెరుగు దగ్గర మాత్రం చుక్క గిన్నె అంచు మీద పడింది. 34. "పెరుగు చల్లగా లేదు ఆంటీ, రిపోర్టులో రాయాలి" అన్నాడు. ఐసు డబ్బాలోంచి తీసి ఐదు నిమిషాలు కూడా కాని పెరుగు అది. గిన్నె పొట్ట మీద నీటిబొట్లు కారుతున్నాయి.

నాకు కోపం వచ్చింది ఆంటీ అన్నందుకు కాదు. సరే, కొంచెం దానికి కూడా. అసలు కోపం చికెన్ గురించి. గన్ను 76 చూపించిందని చికెన్‌కి టిక్కు పెట్టేశాడు. అది నిజంగా ఉడికిన చికెనే. కానీ లోపల ముక్క పచ్చిగా ఉన్నా ఆ గన్ను 76 అనే చూపించేది. అదీ నా బాధ.

ఈ ఇన్‌ఫ్రారెడ్ గన్ను ఏం చేస్తుందో ముందు చెప్పుకుందాం. ప్రతి వస్తువూ తన వేడినిబట్టి కంటికి కనబడని కిరణాలు వదులుతూ ఉంటుంది. గన్ను లెన్సుతో ఆ కిరణాలను పట్టుకుని, వేడి ఎంతో లెక్కగడుతుంది. అయితే ఆ కిరణాలు వచ్చేది వస్తువు పైపొర నుంచి. పైపొర అంటే నిజంగా పైపొరే, కూర మీద తేలే నూనె తెట్టు లాంటిది. కింద అంగుళం లోతులో ఏముందో దానికి తెలియదు. ఎర్ర లేజరు లోపలికి వెళ్లి ఏదో కొలుచుకొస్తుందని మా వంటవాళ్లలో సగం మంది నమ్మకం. లేజరు ఉన్నది గురి చూసుకోవడానికే. పోనీ ఆ చుక్క పడినంత చోటునైనా కొలుస్తుందా అంటే అదీ కాదు. గన్ను మీద 12:1 అని రాసి ఉంటే, 12 అంగుళాల దూరం నుంచి ఒక అంగుళం వెడల్పు చోటుని చూస్తుందని అర్థం. నాలుగడుగుల నుంచి కొడితే నాలుగంగుళాల వెడల్పు. ఆ వెడల్పులో సాంబారు, గరిటె, గిన్నె అంచు ఏవి పడితే అవన్నీ కలిపి ఒకే అంకె చెబుతుంది. ఇక మూత తీయగానే గుప్పుమని లేచే ఆవిరి లెన్సుకి అడ్డం పడితే అంకె కిందికి జారుతుంది. అప్పుడే పొయ్యి దించిన సాంబారు 71 ఎలా అయింది మరి!

మెరిసే స్టీలుది ఇంకో కథ. నేను గన్ను కొన్న కొత్తలో పొయ్యి మీద పప్పు కుతకుతమంటుంటే సరదాకి గుండిగ పొట్టకి గురిపెట్టాను. 44 వచ్చింది. గన్ను పాడైపోయిందనుకుని మళ్లీ నొక్కాను, 45. మా దగ్గర పనిచేసే ఒడియా కుర్రాడు "చల్లగా ఉందా దీదీ?" అని వేలు ఆనించి, "బాప్‌రే! గరం అఛి!" అని గెంతాడు. పాపం, వేలికి పసుపు రాయాల్సొచ్చింది. సంగతేమిటంటే నీళ్లు, అన్నం, కూర, నూనె తమ వేడిని కిరణాలుగా బాగా వదులుతాయి, పూర్తిగా వదిలేదాన్ని 1 అనుకుంటే ఇవి దాదాపు 0.95 వంతు. చాలా గన్నులు ఆ 0.95 మీదే కదలకుండా బిగించి వస్తాయి. నున్నగా మెరిసే స్టీలు వదిలేది చాలా తక్కువ, చుట్టూ ఉన్న గోడనీ కప్పునీ మననీ అద్దంలా తిప్పి చూపిస్తుంది. అద్దంలో మన మొహం చూసుకుని అద్దానికి ముసలితనం వచ్చిందనుకున్నట్టే. పెరుగు గిన్నె అంచు 34 అని చెప్పింది కూడా షెడ్డు వేడినే. కట్టెల పొయ్యి మీద మసిపట్టిన పాత డేక్సా అయితే ఇదే గన్ను నిజానికి దగ్గరగా చెబుతుంది. తోమి తళతళలాడించిన గిన్నె దగ్గరే అబద్ధమాడుతుంది. శుభ్రంగా ఉండేవాళ్లకే శిక్ష అన్నమాట.

ఇప్పుడు నా తప్పు కూడా చెప్పుకోవాలి, లేకపోతే ఈ పోస్టు రాసే అర్హత నాకు లేదు. మూడేళ్ల కిందట మా మరిది కొడుకు పుట్టినరోజు. ముందు రోజు సాయంత్రమే మటన్ వండేసి, గోరువెచ్చగా ఉండగానే డేక్సాతో సహా ఫ్రిజ్‌లో పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం పొయ్యెక్కించాను. అంచుల్లో పులుసు ఉడుకుతోంది, పైన నూనె తేలి మెరుస్తోంది. గన్ను పెడితే 84. ఇంకేం, స్టవ్ కట్టేసి వడ్డించేశాను. అర్ధరాత్రి దాటాక ఇంట్లో నలుగురికి కడుపు మెలిపెట్టి విరేచనాలు, అందులో నేనొకదాన్ని. పప్పన్నం మాత్రమే తిన్న పిల్లలకి ఏమీ కాలేదు. వడ్డించేటప్పుడు గరిటె లోపలికి దిగితే మధ్యలో ముక్కలు గడ్డకట్టినట్టు చల్లగా తగిలాయని మా తోడికోడలు తర్వాత చెప్పింది. అప్పుడే చెప్పొచ్చు కదా తల్లీ!

ఆ మటన్‌తో నేను రెండుసార్లు మోసపోయాను. వేడి చేసేటప్పుడు ఒకసారి, అంతకుముందు చల్లార్చేటప్పుడు ఇంకోసారి. 5 డిగ్రీలకీ 60 డిగ్రీలకీ మధ్య ఉన్న వంటకంలో సూక్ష్మజీవులు పిల్లల్ని పెడుతూ పోతాయి. లోతైన డేక్సాలో అడుగు నుంచి అంచు దాకా కూర ఉంటే, ఫ్రిజ్‌లో పెట్టినా మధ్యభాగం గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. క్లోస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బాక్టీరియాకి కావలసింది సరిగ్గా అదే. దాని బీజాలు ఉడికించినా చావవు, కూర నెమ్మదిగా చల్లారుతుంటే మేలుకుంటాయి. అందుకే వండినదాన్ని 60 నుంచి 21కి రెండు గంటల్లో, అక్కడి నుంచి 5కి ఇంకో నాలుగు గంటల్లో దించాలంటారు. మళ్లీ వేడి చేస్తే మధ్యలో 75 రావాలి. మధ్యలో అన్న మాట గమనించండి. గన్నుకి మధ్య అనేదే లేదు.

ఆ తర్వాత 350 రూపాయలు పెట్టి గుచ్చే థర్మామీటర్ ఒకటి కొన్నాను. సన్నటి స్టీలు పుల్ల, పైన చిన్న స్క్రీను. గన్ను ఖరీదులో సగం కూడా లేదు. కొన్న రోజే, మిగిలిన అన్నం లోతు డబ్బాకెత్తి ఫ్రిజ్‌లో పెట్టి, మూడు గంటల తర్వాత రెండింటితో చూశాను. గన్ను 9 అంది. పుల్ల మధ్యకి దించితే 36. ఒకే డబ్బా, ఒకే నిమిషం. అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ ఇంకా మొండిది. అది అన్నంలో వదిలే విషం ఒకటుంది, ఆ అన్నాన్ని మళ్లీ ఎంత వేడి చేసినా అది పోదు. "పొగలు కక్కేలా వేడిచేస్తే ఏమీ కాదు" అనేది మన ఇళ్లలో వేదవాక్కు కదా, ఈ విషయంలో పనికిరాదు. ఇప్పుడు మేము మిగిలిన అన్నాన్ని పెద్ద పళ్లాల్లో రెండంగుళాల మందాన పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెడతాం. (పఖాళ తినేవాళ్లూ చద్దన్నం తినేవాళ్లూ నా మీద పడకండి. నీళ్లు పోసి పులియబెట్టినదాంట్లో పులుపే కాపలా కాస్తుంది. మా ఇంట్లోనూ తింటాం.)

అసలు అడ్డంకి గన్ను కంపెనీల నుంచి రాలేదు, మా అత్తయ్య నుంచి వచ్చింది. "వండిన దాంట్లో ఇనప పుల్ల గుచ్చుతావా? చికెన్‌లో గుచ్చిందే పులిహోరలో గుచ్చుతావా? గన్ను నయం, ముట్టుకోదు" అని కూర్చున్నారు. నిజం చెప్పాలంటే గన్ను మన వైపు ఇంతగా పాకిపోవడానికి కారణం ఇదే అనుకుంటాను. దూరం నుంచి చూస్తుంది, ఎంగిలి లేదు, అంటు లేదు. అత్తయ్య మాటలో న్యాయం కూడా ఉంది. చికెన్‌లో గుచ్చిన పుల్లని తుడవకుండా పులిహోరలో గుచ్చితే అది నిజంగానే అంటు, ఏ డాక్టరునడిగినా అదే చెబుతాడు. అందుకని రెండు పుల్లలు పెట్టాను. శాకాహారానికి ఆకుపచ్చ టేపు చుట్టింది, మాంసానికి ఎర్ర టేపుది. గుచ్చే ముందూ తర్వాతా సబ్బుతో కడిగి, మరిగే నీళ్లలో ముంచడం. అత్తయ్య వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు వచ్చి, "ఆకుపచ్చది ఎక్కడ పెట్టావమ్మా, పాలు ఎంత వేడిలో తోడుపెడుతున్నానో చూద్దాం" అన్నారు. 41 వచ్చింది. యాభై ఏళ్లుగా వేలు ముంచి చూసి తోడుపెడుతున్న ఆవిడ వేలికీ ఆ పుల్లకీ తేడా లేదు.

గుచ్చి చూడడం మనకి కొత్తా ఏమిటి? మా అమ్మ ఇడ్లీ దించే ముందు చెంచా కాడ తడిచేసి మధ్యలో గుచ్చుతుంది. పిండి అంటుకుంటే ఇంకో రెండు నిమిషాలు. ఇడ్లీ పైన నున్నగా ఉందని ఎప్పుడూ దించేయలేదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు, అన్నానికైతే నిజమే, అంతా ఒకే నీళ్లలో ఉడుకుతుంది కాబట్టి. కానీ ఫ్రిజ్‌లోంచి తీసి వేడిచేసిన కూర దగ్గర ఆ సామెత నమ్ముకుంటే నా మటనే. అడుగుదాకా కలిపి, మూడు చోట్ల గుచ్చి, అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకెని లెక్కలోకి తీసుకోవాలి. కోడిముక్కైతే దళసరి చోట, ఎముకకి తగలకుండా.

ఒక తమాషా విషయం. ఈ ఇన్‌ఫ్రారెడ్ కిరణాలను 1800లో విలియం హెర్షెల్ కనిపెట్టింది మామూలు గాజు థర్మామీటర్లతోనే. పట్టకంతో ఎండని రంగులుగా విడదీసి ఒక్కో రంగులో థర్మామీటర్ పెట్టి చూస్తుంటే, ఎరుపు దాటాక ఏ రంగూ కనబడని చోట పాదరసం ఇంకా పైకెక్కింది. అంటే గన్నుకి పుట్టుక ఇచ్చిందే తాకి చూసే థర్మామీటర్. ఇప్పుడు మనవడొచ్చి తాతని ఇంట్లోంచి గెంటేస్తున్నాడు.

పుల్లనైనా గుడ్డిగా నమ్మమనను. నెలకోసారి ఐసు దంచి కొంచెం నీళ్లు పోసి అందులో ముంచితే 0 రావాలి. మరిగే నీళ్లతో కూడా చూడొచ్చు, కానీ ఊరుని బట్టి. కిందటేడు కోరాపుట్‌లో ఆర్డరుకి వెళ్లినప్పుడు మా కుర్రాడు మరిగే నీళ్లలో పుల్ల ముంచి, 97 దాటట్లేదని, పాడైపోయిందని బయట పారేయబోయాడు. కోరాపుట్ సముద్రమట్టానికి 870 మీటర్ల ఎత్తున ఉంది నాయనా, అక్కడ నీళ్లే 97కి మరుగుతాయి. పప్పు ఉడకడానికి ఎక్కువసేపు పట్టేదీ అందుకే. పుల్ల నిజం చెబితే నమ్మలేదు, గన్ను అబద్ధం చెబితే ఫోటో తీసుకుంటారు.

కోవిడ్ టైములో నుదుటికి పెట్టిన గన్నుల గురించి కూడా ఒక మాట. ఒక వంటశాలలో వాటినే కూరల మీద వాడటం కళ్లారా చూశాను. అవి మనిషి ఒంటి వేడి చుట్టూ, సుమారు 32 నుంచి 43 దాకా కొలవడానికి చేసినవి. వేడి కూర మీద పెడితే 'హెచ్', 'ఐ' అని రెండు అక్షరాలు వస్తాయి, నా లెక్కకి మించిపోయిందని. అక్కడి వంటకుర్రాడు నాతో అన్నాడు, "చూడక్కా, హాయ్ చెబుతోంది."

గన్నుని చెత్తబుట్టలో వేయమని నేను చెప్పడం లేదు. మా దగ్గర రోజూ వాడతాం. అట్ల పెనం వేడి చూడటానికి అంతకన్నా మంచిది లేదు, నల్లటి ఇనప పెనం కాబట్టి మెరుపు మోసం ఉండదు. నా పెనం 190 దగ్గర ఉంటే అట్టు జాలీలా చిల్లులతో వస్తుంది, 220 అయితే పిండి గరిటెకే అంటుకుని లేచిపోతుంది. గారెల నూనెని ఒకసారి కలిపి గురిపెడితే సరిపోతుంది, పుల్ల ముంచితే దాని ప్లాస్టిక్ తల నూనెలో పడితే ఇంకో 350. పాల ప్యాకెట్లు, ఐసు చేపలు దిగినప్పుడు మొదటి చూపుకి బాగుంటుంది, అనుమానం వస్తే పుల్ల తీస్తాం. పెనానికి గన్ను, కూరకి పుల్ల. ఇంతే కదా నేనడిగేది!

ఇంతకీ ఆ పెళ్లి కుర్రాడు. పోట్లాడలేదు. చేతికి ఆకుపచ్చ పుల్ల ఇచ్చి పెరుగులో పెట్టమన్నాను. 7. ఎర్రది ఇచ్చి చికెన్‌లో పెద్ద ముక్క చూసి గుచ్చమన్నాను. 88. "చూశావు కదా బాబూ, ఫోటో తీసుకో" అన్నాను. అతను పుల్లని అటూ ఇటూ తిప్పి చూసి జాగ్రత్తగా తిరిగిచ్చేశాడు.

"బాగుంది ఆంటీ. కానీ ఫారంలో గన్ను ఫోటోయే అడిగారు."