పిల్లల జట్లకి వేలమెందుకు, ఉద్దీలు చాలవా?

గత వేసవిలో మా ఊళ్లో పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి టెన్నిస్ బాల్ క్రికెట్ లీగ్ పెట్టారు. దాళ్వా కోతలయ్యాక ఖాళీ అయిన మడిలో పిచ్, ఆరు జట్లు, అన్నిటికీ ఇంగ్లీషు పేర్లు. అక్కడిదాకా బాగానే ఉంది. జట్లు చేయడానికి మాత్రం ఐపీఎల్‌లో లాగే వేలం పెట్టారు, టెంటూ, మైకూ, ప్లాస్టిక్ కుర్చీలూ, జట్టుకి వంద పాయింట్లూ. రాత్రి వాట్సాప్ గ్రూపులో లిస్టు వచ్చింది. పదకొండేళ్ల మా మేనల్లుడి పేరు పక్కన ‘అన్‌సోల్డ్’ అని ఉంది. వాడు అర్థమేమిటని కూడా అడగలేదు, ఫోన్ నా చేతికిచ్చేసి లోపలికి పోయాడు. తర్వాత ఏదో జట్టులో పన్నెండోవాడిగా సర్దారు లెండి, ఆటలో అరటిపండు. రావులపాలెం మార్కెట్‌ని పక్కనే పెట్టుకున్నవాళ్లం, మనకి అరటిపళ్లకేం కొదవ!

2008లో మొదలైన ఐపీఎల్ వేలం డబ్బు పెట్టి ఆటగాణ్ణి కొనుక్కునే ఫ్రాంచైజీల కోసం పుట్టింది. ఊరి లీగ్‌లో పిల్లలకి కావాల్సింది చివరి ఓవర్ దాకా తేలని మ్యాచ్. సంక్రాంతికి బరిలోకి కోడిని దించాలన్నా ఎదుటి కోడి ఎత్తూ బరువూ చూసుకునే మనవాళ్లు పిల్లల దగ్గరికొచ్చేసరికి ఆ మాత్రం కూడా చూడరు.

వేలం మానేసి కెప్టెన్లు ఒకరి తర్వాత ఒకరు కోరుకుంటే సరిపోతుందా? లెక్క వేసి చూడండి. ఎనిమిది మంది పిల్లలు, వాళ్ల ఆటకి 10 నుంచి 3 దాకా మార్కులు అనుకుందాం. వంతులవారీగా కోరుకుంటే మొదటి కెప్టెన్‌కి 10, 8, 6, 4 కలిపి 28, రెండోవాడికి 24. అదే ప్రతి రౌండుకీ వరస తిప్పేస్తే, అంటే ఇందాక రెండోవాడిగా కోరుకున్నవాడు ఈసారి ముందు కోరుకుంటే, 10, 7, 6, 3 ఒకవైపు, 9, 8, 5, 4 ఇంకోవైపు. రెండూ 26. పైసా ఖర్చు లేదు. కాకపోతే ఆఖరున మిగిలే పిల్లాడు ఇందులోనూ మిగులుతాడు.

మా చిన్నప్పటి ఉద్దీల్లో, అంటే సమానమైనవాళ్లని జతకట్టి జట్లకి పంచుకోవడంలో, ఆ బాధ లేదు. ఆటలో సమానంగా ఉన్న ఇద్దరు భుజాల మీద చేతులేసుకుని గట్టు దాకా వెళ్లి, చాటుగా పేర్లు పెట్టుకుని వచ్చి “పూతరేకు కావాలా, కాజా కావాలా?” అనేవాళ్లు. కెప్టెన్ కాజా అంటే కాజా అటు, పూతరేకు ఇటు. ఎవడికి ఎవడు సమానమో పిల్లలకి పెద్దలకన్నా బాగా తెలుసు, ఎవడు ఎటు పోతాడో అదృష్టం తేలుస్తుంది. దొంగాట లేకపోలేదు, పేరు ముందే కెప్టెన్ చెవిలో ఊదినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆరు జట్లయితే ఇద్దరి బదులు ఆరుగురిని ఉద్దీగా కట్టి, స్టీలు గిన్నెలో చీటీలు వేసి తీయొచ్చు. కట్టేది మాత్రం ఆ లీగ్‌లో తన పిల్లలు ఆడని డ్రిల్ మాస్టారు లాంటివాళ్లే అయ్యుండాలి. టీషర్టులకి డబ్బిచ్చినాయన కొడుకే కెప్టెన్, ఆయనే సెలెక్టర్ అయితే ఏ పద్ధతీ నిలబడదు.

వయసు కూడా చూసుకోవాలి. ఒకే ఏడాది జనవరిలో పుట్టినవాడికీ డిసెంబరులో పుట్టినవాడికీ దాదాపు పన్నెండు నెలల తేడా, ఆ వయసులో అది జానెడు ఎత్తు కూడా కావచ్చు. కెనడా ఐస్ హాకీ జట్లలో ఏడాది మొదట్లో పుట్టినవాళ్లే ఎక్కువ ఉన్నారని 1980ల్లోనే గమనించారు.

అసలు చిక్కు లంకల పిల్లలతో. ముగ్గురు కలిసి పంటు మీద గోదావరి దాటి వస్తారు, వాళ్లని మూడు జట్లలో వేస్తే ఒకడి మ్యాచ్ పొద్దున్న, ఇంకొకడిది సాయంత్రం, చివరికి ముగ్గురూ మానేస్తారు. ఇక్కడ నేనైతే చీటీలు పక్కన పెట్టి ముగ్గురినీ ఒకే జట్టుకిచ్చేస్తాను, ముగ్గురూ బాగా ఆడేవాళ్లయితే ఆ జట్టు నుంచి ఒక మంచి ఆటగాణ్ణి వేరేవాళ్లకి మారుస్తాను. రెండు వారాలయ్యాక ఏదైనా జట్టు వరసగా ఓడిపోతుంటే మళ్లీ ఒకరిద్దరిని మార్చాలి. పెద్దలు గొడవ పడతారు, పడనివ్వండి.

ఇవన్నీ నిర్వాహకుడితో అంటే ఆయన నవ్వి, “వేలం లేకపోతే జనం రారండి బాబూ” అన్నాడు. నిజమే, ఆ రోజు కుర్చీలన్నీ నిండాయి. మూడో వారం మ్యాచ్‌కి మాత్రం ఓ జట్టులో తొమ్మిదిమందే దిగారు.